ఫలక్‌నుమా దాస్: విమర్శల విమర్శనము

భాగ్యనగరమున మూసీనదిపై గల వంతెనలలో పురానాపూల్ 1578వ సంవత్సరము నాటిది. దానికి దిగువను, అఫ్జలుద్దౌలా ప్రభుత్వకాలమున (1857–1869) కట్టబడినది నయాపూల్. కట్టి నూటయేబది యేండ్లు దాటినను దాని పేరిలోని 'నయా' శబ్దము మాత్రము నేటికిని పాతబడలేదు. ఈ వంతెన కుత్తరపుటొడ్డున ఉస్మానియా వైద్యాలయమును, 1891లో ఆసఫియా గ్రంథాలయమను పేర వెలసిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమును గలవు. దక్షిణపుటొడ్డున ఉన్నతన్యాయస్థాన భవనమును, సాలార్‌జంగ్ ప్రదర్శనశాలయు నున్నవి. అచ్చటినుండి మదీనా, పత్థర్‌గట్టి, చార్మినారు, శాలిబండ, అలియాబాదులమీదుగా దక్షిణమునకు నడచినచో ఫలక్‌నుమా చేరుదుము.

తెలుగు చలనచిత్రము ఈ వంతెనను దాటి ఆవలివారి జీవితమును గూర్చి చెప్పుట మిక్కిలి యరుదు. పాటకో పోరాటమునకో చార్మినారు వెనుక నిలిచిన చిత్రములు పెక్కు గలవు. 2003లో వెలువడిన 'ఒక్కడు' చిత్రమునకై చార్మినారు ప్రతిరూపమునే వేఱొకచోట నిర్మించిరి. కట్టడము కావలసివచ్చినది గాని దానిక్రింద నివసించువారు కావలసిరాలేదు. పాతబస్తీ యువకులను గూర్చిన 'ది అంగ్రేజ్' దక్కనీభాషలో తీయబడిన హాస్యచిత్రము. అందు ఆ యువకులు ప్రధానముగా నవ్వించుటకు వచ్చినవారు. ఆ పేటలలో తెలుగు మాటలాడు యువకుల వయఃసంధిని కథావస్తువుగా గ్రహించి 2019 మే 31వ తేదీన వెలువడిన చిత్రము 'ఫలక్‌నుమా దాస్'. ఆ చిత్రముకంటె దానిపై వచ్చిన విమర్శలే ఈ వ్యాసమునకు ముఖ్యవిషయము. చలనచిత్రచర్చ సాహిత్యపరిశోధక పత్రికకు తగునా యని కొందఱు శంకింపవచ్చును. నాటకమును దృశ్యకావ్యమని యంగీకరించిన మనకు చలనచిత్రము పరాయిది కానేరదు. అంతేకాక, ఈ చిత్రమును గూర్చిన వాదమంతయు భాషను గూర్చిన వాదము. భాషావాదమున పండితులు మౌనము వహించుట న్యాయము కాదు.

ముందుగా చిత్రస్వరూపమును సంగ్రహముగా మనవిచేసెదను. దర్శకుడును కథానాయకుడును విశ్వక్ సేన్. సంగీతము వివేక్ సాగర్ కూర్చినది. దాసు అను బాలుడు తన పేటలో శంకరన్న యనువాని బలపరాక్రమములను జూచి, తానును అట్లే కావలెనని పెరుగును. స్నేహితులను జట్టుగా గూర్చుకొనును. జీవనమునకై మాంసవ్యాపారమున దిగును. పాత కక్షలు, క్రొత్త పోటీలు ముదిరి జరిగిన యొక కలహమున ఒకని ప్రాణము పోవును. చంపవలెనని చంపినది కాదు. అయినను నేరము నేరమే. రాజీకై పెద్దమొత్తము సమకూర్చుకొనవలసిన సంకటమున దాసును, అతని మిత్రులును పడుదురు. ఈ కథ స్వతంత్రము కాదు. లిజో జోస్ పెల్లిస్సేరి దర్శకత్వమున, చెంబన్ వినోద్ జోస్ రచనతో, 2017లో మలయాళమున వెలువడిన 'అంగమాలి డైరీస్' దీనికి మాతృక. ఎనుబదియాఱుగురు క్రొత్త నటులు, పదునొకండు నిమిషములపాటు కత్తిరింపులేక సాగు తుదిదృశ్యము — వీనిచే ఆ మలయాళచిత్రము దేశమంతట పేరొందినది.

తెలుగు చిత్రము వెలువడినంతనే పత్రికలలో వచ్చిన సమీక్షల సారము నాలుగు మాటలలో చెప్పవచ్చును. పేట వాతావరణము సహజముగా నున్నదని, నటులు నటులవలె గాక ఆ వీథుల మనుష్యులవలె కనబడిరని పలువురు మెచ్చిరి. ఇది గుణపక్షము. దోషపక్షమున మూడు కలవు: మాతృకకు సాటిరాని యనుకరణమనునది మొదటిది, తిట్లు మితిమీఱినవనునది రెండవది, ఉత్తరార్ధమున బిగువు సడలి కథ సాగలాగబడినదనునది మూడవది. ప్రేక్షకులలో, ముఖ్యముగా యువకులలో, దీనికి దీటైన ప్రతివాదము బయలుదేఱినది: "మా నగరము మాటలాడు తీరిదే, వినలేనివారు చెవులు మూసికొనవచ్చును" అని దాని తాత్పర్యము. ఈ వాదప్రతివాదములు రెండును విమర్శమార్గమున సగము దూరమే నడచినవని నా యభిప్రాయము. ఏల యనగా, ఒక పక్షమువారు తిట్లను లెక్కించిరి. రెండవ పక్షమువారు తిట్లను సమర్థించిరి. ఆ మాట యెవరు, ఎవరితో, ఎట్టి సందర్భమున నాడిరో విచారించినవారు తక్కువ. మన యలంకారికులు దీనిని ఔచిత్యమనిరి.

అనుకరణదోషమును ముందు విచారింతము. తెలుగు కావ్యము అనువాదముతోనే యారంభమైనది. నన్నయ మొదలుకొని శ్రీనాథునివఱకు మహాకవులు సంస్కృతమూలములను తెనిగించినవారే. మూలము కలదనుటచే నేకావ్యమును మనము నిరాకరింపలేదు. తెనిగింపు తెలుగైనదా, మూలపు టూరి గాలి తెలుగూరి గాలిగా మాఱినదా యనునదే మనము పట్టిచూచిన గీటుఱాయి. ఈ గీటుఱాయిపై నొరసిచూచినచో చిత్రకారుడు కొంత వివేకము చూపెననియే చెప్పవలెను. అంగమాలి కేరళమున ఎఱ్ఱనాకుళము జిల్లాలో క్రైస్తవులు హెచ్చుగా నుండు పట్టణము. అచ్చటి కథలో పందిమాంసవ్యాపారము ఇంటి వంటకును, పండుగవిందునకును, వీథిలోని పోటీకిని ముడివేయు దారము. పాతబస్తీలో దానికి తావు లేదు. తెలుగు చిత్రమున దానిస్థానమున మేకమాంసము వచ్చినది. మతభేదము లేక పాతబస్తీవా రెల్లరు తిను కూర యదియే కనుక, మార్పు పైపూతగా గాక కథలోనికి దిగినది. ఇది ఔచిత్యజ్ఞానమునకు నిదర్శనము.

అయితే వస్తువు మాఱినంత సులభముగా ఊరు మాఱలేదు. అంగమాలిలో చర్చియు, విందును, అంగడియు, తగవును ఒకే సమాజపు టవయవములు. ఫలక్‌నుమా యట్టిది కాదు. అచ్చట తెలుగు మాటలాడు నిల్లు ఉర్దూ మాటలాడు నింటికి గోడపొరుగు. ఒకే బాలుడు తల్లితో నొకభాషను, అంగడివానితో నొకభాషను, స్నేహితునితో రెండింటి సంకరమును వాడును. ఈ సహజీవనమే యా పేట సొత్తు. మాతృకలో నిట్టిది లేదు గనుక అనుకరణమున నది యుండవలసినంతగా పండలేదు. పేరు చూడుడు: 'ఫలక్' ఆకాశము, 'నుమా' చూపునది, ఫలక్‌నుమా యనగా ఆకాశమును చూపు దర్పణమని చెప్పుదురు. వికారుల్ ఉమ్రా 1884లో నిర్మింప నారంభించి, కొండపై నెత్తిన సౌధమునకు పెట్టిన పేరది. 2010 నుండి అది ధనికుల విలాసవసతిగృహము. ఆ పారసీకనామమునకు సేవకుని సూచించు 'దాస్' అను సంస్కృతశబ్దము చేరినది. కొండమీది సౌధమును, కొండక్రింది బాలుని ఒకే పేరున నిలిపిన యీ సమాసమున నున్న భావస్ఫూర్తి చిత్రమున సంపూర్ణముగా వికసించినచో మాతృక ప్రసక్తియే వచ్చియుండెడిది కాదు. సమీక్షకులు 'అంగమాలికి సాటి కాదు' అనిరి. 'ఫలక్‌నుమాకు చాలినంత సాటి కాదు' అనియుండవలసినది.

ఇక రెండవదియు ప్రధానమైనదియు నగు భాషాదోషము. గ్రామ్యము, అశ్లీలము అను దోషములను మన లాక్షణికు లెల్లరు పేర్కొనిరి. ఆ మాటవఱకు చదివి పుస్తకము మూయుట మన యలవాటు. మమ్మటుడు కావ్యప్రకాశ సప్తమోల్లాసమున దోషములను చెప్పినపిమ్మట, మాటలాడువాని యౌచిత్యముచేతను, సందర్భవశముచేతను దోషమే యొకచో గుణమగుననియు, ఒకచో గుణదోషముల రెండింటికి వెలియగుననియు స్పష్టముగా చెప్పియున్నాడు. భరతుడు నాట్యశాస్త్రమున మాగధి, అవంతిజ, ప్రాచ్య, శౌరసేని, అర్ధమాగధి, బాహ్లిక, దాక్షిణాత్య యని సప్తభాషలను పేర్కొని పాత్రలకు పంచిపెట్టెను. అందు దాక్షిణాత్యము యోధులకును, నగరరక్షకులకును, జూదరులకును విధింపబడినది. అది నేటి దక్కనీకి పూర్వరూపమని నేను చెప్పుటలేదు; పేరుల పోలిక కాకతాళీయము. నగరవీథులలో తిరుగువారికి వారి మాటయే యుండవలెనన్న సూత్రము మాత్రము కాకతాళీయము కాదు.

ఆ సూత్రమునకు లక్ష్యము మృచ్ఛకటికము. ద్వితీయాంకమున జూదరులు వీథిలో పెనుగులాడుదురు. షష్ఠాంకమున వీరకచందనకు లను నగరరక్షకు లిరువురు నడివీథిలో ఒకరి కులము నొకరు ఎత్తిపొడుచుకొని తగవులాడుదురు. చందనకుడు తాము దాక్షిణాత్యులమనియు, తమ మాట స్పష్టముగా నుండదనియు చెప్పుకొనును. ఆ ఘట్టములను గ్రామ్యములని తొలగించిన సంపాదకు డెవ్వడును లేడు. మన భాషలో 'కన్యాశుల్కము' 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో విస్తృతరూపమున మరల వెలువడినది. వ్యావహారికభాషలో నాటకమా యని నొసలు చిట్లించిన పండితులు నాడు పెక్కుమంది. ఆ నాటకము పాఠ్యగ్రంథమై నేడు మన పాఠశాలలలోనే యున్నది.

తెలంగాణపు మాటకు ఈ కష్టము మఱింత యెక్కువ. తెలంగాణమున కవులే లేరన్న నిందకు సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవుల రచనలతో 'గోలకొండ కవుల సంచిక' ప్రకటించిరి. కవిత్వమునకు సమాధానము దొరికినది గాని తెఱమీది మాటకు చాలకాలము దొరకలేదు. తెలుగు చిత్రములలో తెలంగాణపు యాస దశాబ్దములపాటు ప్రతినాయకునకును, విదూషకునకును పరిమితమై యుండెను. నాయికానాయకులు ఆ మాటను సిగ్గుపడక మాటలాడుట 2014లో రాష్ట్రావతరణము జరిగినతరువాత బలపడిన మార్పు. ఈ చరిత్ర నెఱిగిన విమర్శకుడు ఫలక్‌నుమా యువకుని నోటిమాట విన్నంతనే 'అసభ్యము' అని తీర్పు చెప్పుటకు ముందు ఒక్కక్షణము వెనుకాడవలెను. తన చెవికి కఱకుగా తోచినది తిట్టా, లేక యాసయా యని తన్నుతాను ప్రశ్నించుకొనవలెను. కొన్ని సమీక్షలలో ఈ రెండును కలసిపోయినవి.

ఇంతవఱకు చిత్రమును సమర్థించువారితో నేను కలసి నడచితిని. ఇచ్చట వారిని విడువవలసియున్నది. 'పాతబస్తీ మాటలాడు తీరిదే' యన్న వారి వాదము మెప్పువలె వినబడును గాని యథార్థమున నది నింద. తిట్టు ఆ మాటలో నొక పాలు మాత్రమే. 'జర' అని ప్రారంభించు ప్రార్థన, 'నక్కో' అను నిరాకరణము, 'హౌ' అను నంగీకారము, 'మియా', 'భాయ్' అను సంబోధనలలోని చనువు, బేరమాడునప్పటి చమత్కారము, ఇంటికి వచ్చినవానికి చాయ్ త్రాగనిదే పోనీయని బలవంతము — ఇదంతయు నా మాటయే. చార్మినారు దగ్గఱ గాజులమ్మువాడు, శాలిబండలో దుకాణము తెఱచు వృద్ధుడు, లాల్‌దర్వాజ బోనములకు కుండ సిద్ధముచేయు నిల్లాలు తిట్లతో మాటలాడరు. ఒక నగరపు భాష యనగా నా నగరపు యువకులు రాత్రి తమలో తా మాడుకొను భాష మాత్రమే కాదు.

కాబట్టి చిత్రమునకు పెట్టవలసిన పరీక్ష యిది: స్నేహితుల నడుమ నట్లు మాటలాడిన దాసు తల్లియెదుట ఎట్లు మాటలాడును? భయపడినప్పుడు ఆ నోటినుండి యేమాట వచ్చును? ఒకే పాత్ర నోట భాష స్థలమును బట్టి మాఱినచో తిట్టు పాత్రస్వభావమును తెలుపు గుణమగును. అన్నిచోట్ల నొకే పాళమున మ్రోగినచో నది పునరుక్తి. పునరుక్తి దోషమని చెప్పుటకు సభ్యతావాదము అక్కఱలేదు. పదిసార్లు విన్న తిట్టు పదునొకండవసారి కోపమును గూడ తెలుపజాలదు. ఈ చిత్రమున అధికభాగము యువకుల మాటయే యగుటచే, ఇంటిభాషకు దొరకిన తావు స్వల్పమగుటచే, మొదట ఔచిత్యముతో ప్రవేశించిన తిట్టు పోనుపోను అలవాటుగా మాఱినది. సమీక్షకులకు కలిగిన విసుగునకు కారణ మిదియేయని నా నమ్మకము. వారు రోగమును గుఱుతించిరి గాని దానికి 'అసభ్యత' యని తప్పుపేరు పెట్టిరి.

తెనాలి రామకృష్ణుని పాండురంగమాహాత్మ్యమున నిగమశర్మ కథ నెఱిగినవారికి ఇది సులభముగా బోధపడును. దారితప్పిన యువకుని కథ యది. అయినను ఆ కథలో మన మనస్సున నిలిచినది పేరైన లేని యతని యక్క. తమ్ముని మందలించుటకు ఆమె యాడిన మాటలలోని యింటిభాష ప్రక్కన నిలుచుటచేతనే యతని పతనము లోతుగా కనబడుచున్నది. దాసు కథకు అట్టి యక్క కావలసియుండెను.

తులనకై మఱొక చిత్రమును స్మరింతము. ఇదే నటుడు కథానాయకుడుగా, ఇదే సంగీతదర్శకునితో, తరుణ్ భాస్కర్ దర్శకత్వమున 2018 జూన్ 29న 'ఈ నగరానికి ఏమైంది' వెలువడినది. దీనికి పేరు ధూమపాననిషేధప్రకటనలోని వాక్యమునుండి వచ్చినది. నలుగురు మధ్యతరగతి యువకులు హ్రస్వచిత్రములు తీయు కలలతోను, మద్యముతోను కాలము గడపుచు గోవాకు పోయి తమ్ముతాము తెలిసికొనుట యందలి కథ. అందు తిట్లు తక్కువ, తాగుడు ఎక్కువ. సమీక్షకులు తాగుడును హాస్యముగా స్వీకరించిరి. చిత్రమును బాగుగనే యున్నదని మెచ్చి పోనిచ్చిరి. సరిగా నైదేండ్లకు, 2023 జూన్ 29న, అది మరల ప్రదర్శింపబడినప్పుడు ప్రేక్షకులు మాటలను కంఠస్థముగా వల్లించుచు ప్రదర్శనశాలలను నింపిరి. కౌశికుడను మిత్రపాత్ర నాయకునికంటె నెక్కువగా వారి నోట నిలిచెను. తొలివారపు తీర్పు తుదితీర్పు కాదని దీనివలన తెలియుచున్నది. వేఱొక సందేహమును పుట్టుచున్నది: చదువుకొన్న యువకుని తాగుడు నవ్వు పుట్టించుచు, అంగడి యువకుని తిట్టు వెగటు పుట్టించుటకు కారణము కళయా, లేక వంతెనకు మనము నిలిచిన యొడ్డా? రెండు చిత్రముల గుణములలో భేదము లేదని నేననను. సంభాషణరచనలో 'ఈ నగరానికి ఏమైంది' నిస్సంశయముగా మేలు. కాని తూనికఱాయి మాత్రము రెండింటి కొక్కటిగా నుండవలెను.

మూడవదగు ఉత్తరార్ధపు సడలింపునకు సమీక్షకులు నిడివిని కారణముగా చెప్పిరి. నిడివి ఫలమే గాని కారణము కాదు. వయఃసంధికథకు ప్రాణము మార్పు. పిల్లవాడు ఏదో యొక ఘటనచే పెద్దవాడు కావలెను. ఈ కథలో నట్టి ఘటన కలదు: తన చేతిమీదుగా నొకడు చనిపోవుట. అంతకంటె గొప్ప మలుపు వేఱొకటి కావలయునా? అయినను ఆ మరణము వెంటనే ధనసమస్యగా మాఱినది. రాజీసొమ్ము సమకూర్చు యత్నముపై బడిన వెలుగు చనిపోయినవానిపై బడలేదు. అందుచే ఉత్తరార్ధమున సంఘటనలు పెరిగినవి, దాసు పెరుగలేదు. ప్రేక్షకునకు కాలము బరువైనది అందువలననే.

మరల మృచ్ఛకటికమునే చూతము. సంవాహకుడు జూదమున పది సువర్ణములు ఓడి, అప్పు తీర్పలేక, దెబ్బలు తిని, వసంతసేన యింట శరణు జొచ్చును. ఆమె తన కంకణమిచ్చి యప్పు తీర్చును. ఇంతవఱకు అదియు ధనముతో తీఱిన కథయే. కాని అప్పు తీఱిన క్షణమున సంవాహకుని మనస్సు మాఱును, భిక్షువగును, తుదకు మరణముఖమున నున్న వసంతసేనను కాపాడువాడు అతడే యగును. శూద్రకుడు పది సువర్ణములలో నొక మనుష్యుని జన్మాంతరమును చూపెను. దాసునికి సొమ్ము దొరకుటయా లేదా యనునదే మన చిత్రమున ప్రశ్న. దొరకినపిమ్మట దాసు ఎవడు కావలెననునది ప్రశ్నగా నిలువలేదు. తిట్లకంటె నిడివికంటె పెద్దదగు నీ కొఱతను సమీక్షలు తగినంత స్పష్టముగా చెప్పలేదు.

సారాంశముగా మనవి చేయునది యింతే. 'ఫలక్‌నుమా దాస్' మహాకావ్యము కాదు, తిరస్కారయోగ్యమును కాదు. తెలుగు చలనచిత్రము నయాపూల్ దాటి, ఆవలియొడ్డున తెలుగు మాటలాడు నొక బాలుని నాయకునిగా నిలిపిన సాహసము దానిది. ఆ బాలుని మాటను వినిపించుటలో నది కృతకృత్యమైనది. ఆ మాటకు గల నానావిధస్వరములను వినిపించుటలో సగమే నెగ్గినది. ఆ బాలుని పెద్దవానిని చేయుటలో ఓడినది. గెలుపును, సగము గెలుపును, ఓటమిని వేఱువేఱుగా చూపుట విమర్శకుని పని. ఒకే 'అసభ్యము' అను మాటతో మూడింటిని మూటగట్టుట పని తప్పించుకొనుట.

పాఠశాలలలో అలంకారశాస్త్రము బోధించు నుపాధ్యాయమహాశయులకు ఒక్క విన్నపము. దోషప్రకరణము చెప్పునప్పుడు ప్రాచీనోదాహరణములతోపాటు మీ తరగతిలోని బాలురు నిన్న చూచి వచ్చిన చిత్రమును గూడ ఉదాహరింపుడు. ఆ మాట వినినంతనే ముఖము త్రిప్పుకొనక, 'ఈ మాట యెవరిది? ఎవరితో నన్నది? తల్లియెదుట నైన నేమనును?' అని వారినే ప్రశ్నింపుడు. నయాపూల్ మీదుగా పాఠశాలకు వచ్చు బాలుడు ఆ ప్రశ్నలకు మనకంటె చక్కని సమాధానము చెప్పగలడు. అతడు సమాధానము చెప్పిననాడు మమ్మటుని సూత్రము అతనికి పాఠమై యుండదు, తన యనుభవమై యుండును. విజ్ఞులు ఈ యభిప్రాయములను పరిశీలించి, తప్పులున్నచో సవరింతురుగాక.